పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయిన పాస్‌వర్డ్‌లు

కోరుట్ల బస్టాండు ఎదురు సందులో ఆన్‌లైన్ సెంటర్ నడిపిన పదకొండేళ్లలో నేను ఎవరినీ వాళ్ల పాస్‌వర్డ్ వాళ్లను పెట్టుకోనివ్వలేదు. పెట్టుకొమ్మంటే మాత్రం ఎవరు పెట్టుకుంటారు? "మీరే ఏదో ఒకటి కొట్టుండ్రి మేడం, నాకేం ఎరుక" అని కుర్చీలో వెనక్కి జరిగేవాళ్లు. వెనకాల ఇంకో పదిమంది నిలబడి ఉండేవాళ్లు. నేను చేతికొచ్చింది కొట్టేదాన్ని. ఆ పూట ఎవరి మీద కోపంగా ఉంటే వాళ్ల ఇంటిపేరు, లేకపోతే పొద్దున వండిన కూర పేరు, దాని వెనక ఒక గుర్తు, నాలుగంకెలు. వెంటనే బ్రౌజర్ అడిగేది, దీన్ని దాచమంటావా అని. దాచమని నొక్కేదాన్ని. ఆ నొక్కుడుతో నా పని అయిపోయేది, వచ్చినవాడి పనీ అయిపోయేది.

మా దగ్గర ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క. మస్కట్ పోయినవాడూ దుబాయి పోయినవాడే, ఖతర్ పోయినవాడూ దుబాయి పోయినవాడే. పోయే ప్రతివాడికీ ముందు ఒక మెయిల్ కావాలి. మెయిల్ తెరిచి, పాస్‌పోర్టూ వీసా కాయితాలూ స్కాన్ చేసి, అందులోనే పడేసి పంపేదాన్ని. "మరిచిపోతె ఎట్ల మేడం?" అని ఎవడైనా అడిగితే, "నా దగ్గరుంటది తియ్యి, నువ్వెక్కడ పారేసుకుంటవో" అనేదాన్ని. ఎంత ధీమాగా అనేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఒక వానాకాలం మంగళవారం, షట్టర్ సగం లేపానో లేదో, రాయికల్ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతి సంచిలో బీడీల చాట, ఆకు కట్ట. ఎక్కడికి పోయినా పని వెంట తెచ్చుకునే మనిషి. మొగుడు ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. చెట్లు కొట్టేసి ప్లాట్లు చేశాక మస్కట్ పోయాడు. రెండేళ్ల కింద అతని మెయిల్ తెరిచింది నేనే.

"మేడం, మా ఆయన మెయిలు తియ్యాలె."

"తీద్దాం. పాస్‌వర్డ్ చెప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మీ దగ్గరుంటదని అన్నరట గద?"

కూర్చోబెట్టి అడిగితే విషయం చెప్పింది. అక్కడ కంపెనీ మూతపడింది. ఆఫీసుకు తాళం, మేనేజర్ లేడు, పాస్‌పోర్టులు ఆ తాళం లోపల. క్యాంపులో ఉన్నవాళ్లకు నీళ్ల ట్యాంకరు కూడా సరిగా రావడం లేదు. ఎంబసీవాళ్లు వచ్చి చూసి, పాస్‌పోర్టు కాపీ చూపించినవాళ్లకు ఇంటికి పోయే కాయితం ఇస్తామన్నారు. గురువారం సాయంత్రంలోగా కాపీ ఇచ్చినవాళ్ల పేర్లే మొదటి లిస్టులో. రెండో లిస్టు ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

"ఇంట్ల జిరాక్స్ లేదా?"

"ఉండె మేడం. రేకుల సందులకెల్లి నీళ్లు గారి పెట్టెల కాయిదాలన్ని ముద్దయినయి."

నా కంప్యూటర్ వారం కిందటే మారింది. జగిత్యాల నుంచి రిపేరు సారు వచ్చి కొత్తది పెట్టి, "పాతదాంట్లయి అన్ని ఎక్కించిన మేడం" అని చెప్పిపోయాడు. ఆ నమ్మకంతోనే దాచిన పాస్‌వర్డ్‌ల లిస్టు తెరిచాను. ఒక్కటి లేదు. నున్నగా తుడిచిన పలకలా ఉంది.

గుర్తు తెచ్చుకుని కొట్టాను. వంకాయ, చిక్కుడుకాయ, మా ఆడబిడ్డ ఇంటిపేరు. నాలుగైదు సార్లు తప్పు కొట్టాక, ఇప్పుడు ఆగి తర్వాత ప్రయత్నించమంది. మరిచిపోయానని నొక్కితే, అతని ఇక్కడి పాత నంబరుకు కోడ్ పంపుతానంది. ఆ సిమ్ రీచార్జ్ లేక ఎప్పుడో పోయింది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో హిందీలో విసుక్కుని పెట్టేశారు.

రిపేరు సారుకు ఫోన్ చేశాను. నా ఈడువాడే, నాలాగే నోరున్నవాడు.

"అన్ని ఎక్కించిన అన్నరు గద? ఒక్కటి లేదు!"

"ఫైలు ఎక్కింది మేడం, తాళంచెవి ఎక్కలె. గా మిషన్ల, మీ ఎంట్రీ పాస్‌వర్డ్ తోటి తెరిస్తెనే గవి తెరుసుకుంటయి. వేరేదాంట్లకు తెస్తె వట్టి డబ్బనే."

"గీ ముచ్చట గా దినమే చెప్పద్దా?"

"మీరు చెప్పనిచ్చిండ్రా? టేబుల్ మీద గీత వడ్డదని గంటసేపు నాతోని లొల్లి వెట్టుకుంటిరి. గది ఇడ్సిపెట్టుండ్రి, పాత మిషన్ ఏడున్నది? ఫార్మాట్ అయితె కొట్టలేదు గద?"

పాతది సిరిసిల్లలో మా తమ్ముడికిచ్చాను. మరమగ్గాలు నడవక, నడుమ కొన్నాళ్లు మగ్గాల పనికి బొంబాయి పక్కన భీవండి పోయి వచ్చి, ఇప్పుడు జిరాక్స్ షాపు పెట్టుకుంటానంటే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒకటికి మూడుసార్లు చెప్పాను, "ఇంటికి పోంగనే మొత్తం తుడిచెయ్యిరా, మందియి కాయిదాలుంటయి" అని. జాగ్రత్తగల మనిషిని కదా నేను!

తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాడెప్పుడు ఎత్తాడు గనక. షట్టర్ దించి, "నడువ్" అన్నాను ఆమెతో.

వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడినుంచి సిరిసిల్లకు ఇంకొకటి. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. బస్సు గుంతలో పడ్డా కత్తెర తప్పలేదు. నేను ఊరుకుంటే కదా. తప్పు నాదైనా, నోరు ఆమె మీద పడింది.

"రెండేండ్లల ఒక్కసారన్న వచ్చి అడగద్దా? నీ మొగని కాయిదాలు, నీకు పట్టింపుండద్దా?"

ఆమె తల ఎత్తలేదు. "అడిగితె తిడుతరని మేడం."

"ఎవరు?"

"మీరే. పోయే ముందురోజు మా ఆయన వచ్చి, చిట్టీ మీద రాసియ్యరాదుండ్రి అని అడిగిండట. మీరు లెస్స తిట్టి పంపిచ్చిండ్రట. నాకు చెప్పి నవ్విండు. గామె నోరు కోరుట్లల మొదలువెడితె మెట్‌పల్లిల ఇనవడ్తది అని."

నాకు గుర్తొచ్చింది. చొక్కా జేబులో పెన్ను కూడా తెచ్చుకున్నాడు ఆ మనిషి. "నువ్వు రాసుకున్న చిట్టీ విమానం ఎక్కకముందే పోతది, పో" అన్నాను. నలుగురూ నవ్వారు. అతనూ నవ్వి, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుని పోయాడు. నాలుగు అక్షరాలు రాసిస్తే అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషం మిగుల్చుకుని నేనేం చేశానో నాకు తెలియదు. వేములవాడ వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

తమ్ముడి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాడు మగ్గాల షెడ్డు ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆ షెడ్డులో ఒకప్పుడు మాట వినపడేది కాదు, సైగలతో మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మగ్గాలు పాత ఇనుము బండ్లెక్కిపోయి, నేల మీద వాటి కాళ్ల గుర్తులే మిగిలాయి.

"తుడిచినవార?"

"ఏందే అక్కా, చెప్పకచేయక వచ్చినవ్? కూసో, చాయ్ వెట్టిపిస్త."

"నీ చాయ్ మన్ను గాను. కంప్యూటర్ తుడిచినవా లేదా చెప్పు."

వాడు ఆమె వైపూ నా వైపూ చూసి, తల గోక్కున్నాడు. "చెయ్యలే. గిప్పుడు నువ్వు బజార్ల లొల్లి వెట్టకు. రేపు చేస్త. ఒట్టు."

నేను మంచం పట్టె మీద కూలబడ్డాను. వాడికి అర్థం కాలేదు. "ఏడుస్తున్నవా ఏంది? చెయ్యలేదని ఏడుస్తరా ఎవలన్న? నువ్వు చెప్పిన పని నేనెప్పుడన్న చెప్పిననాడు చేసిన్నానె?"

చెయ్యలేదు. నలభై ఏళ్లలో ఒక్కసారీ చెయ్యలేదు. అందుకోసం వాణ్ణి తిట్టినన్ని తిట్లు ఇంకెవరినీ తిట్టి ఉండను. ఆ రోజు మాత్రం ఆ చెయ్యకపోవడమే మమ్మల్ని గట్టెక్కించింది.

కంప్యూటర్ షెడ్డు మూలన, నేను చుట్టి పంపిన పాత చీరలోనే ఉంది. ముడి కూడా విప్పలేదు. కరెంటు పెడితే ఫ్యాను కుయ్యిమని, ఆగి, మళ్లీ తిరిగింది. తెర మీద నా ఎంట్రీ పాస్‌వర్డ్ అడిగింది. అది మాత్రం నేను మరిచిపోయేది కాదు. జగిత్యాలలో డిగ్రీ చివరి పరీక్షల హాల్‌టికెట్ నంబరు. చదువు మిగిల్చిన వాటిలో నాకు ఉపయోగపడింది ఆ నంబరొక్కటే అని మా ఆయన ఎత్తిపొడుస్తుంటాడు.

బ్రౌజర్ తెరిచి సెట్టింగుల్లోకి పోయి, దాచిన లిస్టు తీశాను. ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. కిందికి జరుపుతుంటే ఆగకుండా పేర్లు. దుబాయిలోనే గుండె ఆగి శవపెట్టెలో వచ్చినవాడి మెయిల్ ఉంది. తిరిగొచ్చి మేకలు కాసుకుంటున్నవాడిది ఉంది. ఎటు పోయాడో ఇంట్లోవాళ్లకూ తెలియనివాడిది ఉంది. చనిపోయినవాడి పాస్‌వర్డూ నల్ల చుక్కల వెనక మిగతావాటిలాగే భద్రంగా ఉంది. ఇన్నేళ్లూ ఇవన్నీ నా దగ్గర ఉన్నాయని అనుకున్నాను. నా దగ్గర ఏమున్నాయి? ఒక డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బాను చీరలో చుట్టి బస్సెక్కించాను.

ఆమె మొగుడి వరస దొరికింది. కన్ను గుర్తు మీద నొక్కితే మళ్లీ హాల్‌టికెట్ నంబరు అడిగి, అప్పుడు చుక్కలు తీసేసింది. బీరకాయ. ఒక గుర్తు. నాలుగంకెలు.

ఆమె తెర దగ్గరికి వంగి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం కూడబలుక్కుని చదివింది.

"బీరకాయనా మేడం?"

"ఆ పొద్దు అదే వండినట్టున్న."

"మూడు దినాలసంది నాకు బువ్వ దిగుత లేదు. గా బీరకాయ కోసమా!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. తమ్ముడు కూడా నవ్వాడు. "మా అక్క వంట తిన్నోళ్లు గట్లనే ఏడుస్తరు చెల్లె" అన్నాడు. తిట్టాల్సిన మాటే, వదిలేశాను.

పాత మిషన్ కావడంవల్లో ఏమో, మెయిల్ ఇంకేమీ అడగకుండా తెరుచుకుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా. నేను పంపినట్టే ఉన్నాయి. ఆమె ఫోన్లోకి ఎక్కించి, అతని మస్కట్ నంబరుకు పంపాం. కాసేపటికి అతని గొంతు వచ్చింది, వెనకాల చాలామంది మాటలతో. "అచ్చినయి. అచ్చినయే. ఎంబసీ సార్‌కే చూపెట్టిన. లిస్టుల పేరు రాసుకున్నడు." తర్వాత, "మేడంకు చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. నాకూ అడగాలనిపించలేదు.

వెళ్లే ముందు చేయాల్సిన పని, ఎన్నడో చేయాల్సిన పని, అప్పుడు చేశాను. లిస్టు మొత్తాన్ని ఒక ఫైలుగా బయటికి తీశాను. తెరిచి చూశాను. చుక్కలు లేవు, దాపరికం లేదు, ఎవడు తెరిచినా చదువుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కొంగుకు ముడేసుకున్నాను. పాత మిషన్‌ను ఈసారి నేనే, నా చేత్తో, తుడిచి ఇచ్చాను. వాడి మీద వదిలితే అదృష్టం ప్రతిసారీ రాదు.

తర్వాత నెల రోజులు ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేసి పిలిచి, చిట్టీ రాసి చేతిలో పెట్టాను. మార్చుకొమ్మని చెప్పాను. కొందరు "గిప్పుడు గదెందుకు మేడం" అన్నారు. కొన్ని నంబర్లు అసలు లేవన్నాయి. పెట్టెలో వచ్చినవాడి భార్య చిట్టీ తీసుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుని పోయింది. అన్నీ అయ్యాక ఆ ఫైలు తీసేశాను. ఎవరూ వచ్చి తీసుకోని చిట్టీలు కొన్ని ఇంకా నా టేబుల్ సొరుగులో ఉన్నాయి.

అతను మొదటి లిస్టులోనే వచ్చాడు. వచ్చిన నాలుగు నెలలకు, పెళ్లాంతో కలిసి నా సెంటర్‌కు వచ్చి కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు.

"మేడం, మల్లొక్కసారి దరఖాస్తు పెట్టుండ్రి. గీసారి ఖతర్."

"బుద్ధి ఉన్నదా నీకు? ఏడు సముద్రాలు ఈది ఒడ్డున పడ్డట్టు వస్తివి. మల్ల పోతవా?"

"ఈడ ఏం జెయ్యాలె మేడం? ఎక్కుదామంటె చెట్లు లేవు. మీరు చెప్పుండ్రి, గదే చేస్త."

పదకొండేళ్లలో ఎంతమందితో ఈ వాదన పెట్టుకున్నానో. ప్రతిసారీ చివరికి గెలిచేది వాళ్లే. దరఖాస్తు తెరిచాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ. కొత్త పాస్‌వర్డ్ అడిగింది.

"మీరే ఏదన్న..." అని అతను వెనక్కి జరగబోయాడు.

నేను కీబోర్డు ముందుకు తోశాను. అతని ముందుకు కాదు, ఆమె ముందుకు. బీడీలు చుట్టే వేళ్లు, ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కాయి. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. అతను మెడ సాచి చూడబోతే, చాట అడ్డం పెట్టింది.

"ఏం గొట్టినవే?"

"పొయ్యిరా, మల్లొచ్చినంక చెప్త."

"గప్పటిదాంక నాకవసరమైతె?"

"నాకు ఫోన్ చెయ్యి. రోజు చెయ్యి."

బ్రౌజర్ ఎప్పటిలాగే అడిగింది, దాచమంటావా అని. ఆమె నా వైపు చూసింది. వద్దని నొక్కాను.