జవాబులు వచ్చేవారం

మొన్న చీపురుపల్లిలో పాసింజరెక్కి విజయనగరం వస్తున్నాను. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల సెల్‌ఫోన్లో గళ్ళు నింపుకుంటోంది. కాసేపు గోళ్ళు కొరుక్కుంది, కాసేపు పైకప్పు చూసింది. చివరికి నా జుట్టులో నెరుపు చూసి తెలుగు తెలిసిన మనిషిననుకుంది కాబోలు, "ఆంటీ, రెండక్షరాలు. చీరల్లో ఉంటుంది, మొండివాళ్ళ దగ్గరా ఉంటుంది. ఏమై ఉంటుందండీ?" అని అడిగింది. "పట్టు" అన్నాను, ఆలోచించకుండానే. ఆ పిల్ల మొహం వెలిగింది. కిటికీలోంచి వచ్చేది మామూలు గాలే, వరిచేల మీదుగా వచ్చే గాలి. అయినా లేచి షట్టరు దించేశాను. ఉక్కపోస్తూంటే ఇదేం పనమ్మా అని ఎదురుసీటాయన విసుక్కున్నాడు. ఆ మాట వింటే నాకు ఏ గాలి వినిపిస్తుందో ఆయనకెలా చెప్పను?

ఆ మాటని నాకిలా తగిలించిపోయింది మా అత్త. నౌపడ ఉప్పుమళ్ళు దాటి ఇంకా తూర్పుకి పోతే, ఇసకలో కాళ్ళు కూరుకుపోయే చోట ఆవిడ పల్లె. అక్కడ మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు చేపలమ్ముతారు. నేను బొబ్బిలి పిల్లని. మా నాన్న సంతలో ఎండుచేపలు అమ్మేవాడు కనక ఆ వాసనలోనే పుట్టి పెరిగాను గాని, పెళ్ళయ్యేదాకా సముద్రం మొహం చూసినదాన్ని కాను. కాపరానికొచ్చిన కొత్తలో ఆ హోరు వినలేక చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే, మా అత్త పల్లె పల్లెంతా చెప్పుకుని నవ్వింది. "మా కోడలు సేపల్ని తింటాది గానీ అవి ఉన్న సోటు సూస్తే జడుసుకుంటాది" అనేది. మా ఆయన ఉప్పు కంపెనీలో గుమస్తా కావడంతో నా బతుకు నేల మీదే గడిచిపోయింది. మా మరిది మాత్రం తండ్రి పోయాక తండ్రి పడవే ఎక్కాడు.

మా అత్త మిషన్ స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఎండు నెత్తళ్ళు పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా కొని తెచ్చేది. తెచ్చిన కట్టలో ముందు వెతికేది గళ్ళ పజిలు. ఆ పేజీ చేతికి దొరికిందా, ఇంక పిల్లి పాలు తాగిపోయినా పట్టించుకోదు. గోడకి చేరబడి, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని, పొయ్యి మీద కూర మాడుతున్నా అడ్డమూ నిలువూ నింపుకుంటూ కూర్చునేది. ఆవిడ నింపే పద్ధతే వేరు. మాట సరిపోక ఒక గడి మిగిలిపోతే దాన్ని పెన్నుతో నల్లగా పూసేసేది. "ఆల్లు పుయ్యడం మరిసిపోనారే" అనేది, అచ్చువేసినవాళ్ళ మీద జాలిపడుతూ. నింపడం అయ్యాక అదే కాగితంలో నెత్తళ్ళు పొట్లం కట్టి టెక్కలి సంతలో అమ్మేది. ఎన్ని ఇళ్ళకి ఆవిడ తప్పులు చేపలతోపాటు వెళ్ళాయో భగవంతుడికే తెలియాలి.

పజిలు అడుగున చిన్న అక్షరాలతో 'జవాబులు వచ్చేవారం' అని ఉంటుంది కదా. పాత పేపర్ల కట్టలో ఆ వచ్చేవారం ఎప్పుడూ రాదు. ఏ ఏడాది ప్రశ్నో ఒక కట్టలో ఉంటే ఇంకే ఏడాది జవాబో ఇంకో కట్టలో ఉండేది. అలా ఒకసారి ప్రశ్నల్లేని ఉత్త జవాబులు దొరికాయి. వాటిని మొదటినుంచి చివరిదాకా భక్తిగా చదివి, "ఇయన్నీ ఏటికి జవాబులో పాపం" అని పక్కన పెట్టింది. తను నింపింది తప్పో ఒప్పో తెలియకపోతే ఎలా ఉంటుందత్తా అని అడిగాను. "మీ మావ ఏటకెల్లిన నాడు ఎలగుంటాదో అలగే ఉంటాది" అంది. పొట్లానికి దారం కడుతూ, తల కూడా ఎత్తకుండా అంది. ఆవిడకి భయమన్నది తెలియదని పల్లెలో అందరికీ నమ్మకం, నాకైతే మరీను. నా భయాలన్నీ ఆవిడ కొంగు చాటున దాచుకుని నిశ్చింతగా ఉండేదాన్ని.

ఒక ఏడు అక్టోబరులో తుపాను కబురు వచ్చేసరికి మా మరిది పడవ సముద్రం మీద ఉంది. కబురందినవాళ్ళు ఒక్కొక్కళ్ళూ తిరిగొచ్చారు. ఒడ్డున పడవలు లెక్కబెట్టుకుంటే ఒకటి తగ్గింది, అది మాది. ఫోను చేస్తే మోగడమే లేదు. మర్నాడు తెల్లారేసరికి గాలి మొదలైంది. పల్లె చివర మిషన్ వాళ్ళు ఎప్పుడో కట్టిన రాతి చర్చి ఉంది. గంగమ్మకి మొక్కేవాళ్ళూ, ప్రభువుకి మొక్కేవాళ్ళూ తుపానొస్తే చేరేది దాంట్లోకే, గోడలు అంత మందం మరి. మగవాళ్ళు బెంచీలు తలుపుకి ఆనించి వీపులతో నొక్కిపెట్టి నిలబడ్డారు, మా ఆయనా వాళ్ళలోనే ఉన్నాడు. ఆడవాళ్ళం మధ్యలో చాపల మీద కూర్చున్నాం. తడిసిన బట్టల వాసన, కిరసనాయిలు వాసన, చంటిపిల్లల ఏడుపు. పాస్టరుగారి పెదాలు కదలడం కనిపిస్తోంది గాని ప్రార్థన వినిపించడం లేదు. బయట కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే ఆ అదురు కింద నేలలోంచి నా కాళ్ళలోకి వచ్చేది. నా పక్కన మా తోటికోడలు, అంటే మా మరిది పెళ్ళాం. ఆ వేసవిలోనే పెళ్ళయింది. పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టలేదు, మాట్లాడలేదు, కనీసం ఏడవనూ లేదు. ఏడుస్తే ఓదార్చగలం, అలా గుడ్లప్పగించి కూర్చున్నదాన్ని ఏం చెయ్యగలం?

మధ్యాహ్నం వేళకి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. హమ్మయ్య అన్నదాన్ని నేనొక్కదాన్నే. తక్కిన మొహాలన్నీ ఇంకా పాలిపోయాయి. "ఎల్లిపోనేదమ్మా, తిరుగుతన్నాది. ఇపుడు అటుపక్కనుంచొచ్చి కొడతాది" అంది ఒక ముసలమ్మ. అది చెవిని పడగానే మా తోటికోడలు లేచి తలుపు వైపు పరుగెత్తింది. ఒడ్డుకి పోయి చూసొస్తానని అది మొదటిసారిగా నోరు విప్పింది. మా అత్త ఒక్క అంగలో దాన్ని అందుకుని, మణికట్టు దొరకబుచ్చుకుని లాక్కొచ్చి కూలేసింది. "కూకో. ఎక్కడికే ఎల్తావు? నాకొకటి తెగడం నేదు, సెప్పు" అంటూ రొంటినుంచి మడత కాగితం తీసి ఒళ్ళో పరిచింది. "అడ్డం. రెండచ్చరాలు. పురుగు పెట్టేది, పెల్లికూతురు కట్టేది."

తోటికోడలు తలుపు వైపే చూస్తోంది. పాస్టరమ్మగారే "పట్టు" అన్నారు, సండే స్కూల్లో పిల్లలకి అందించినట్టుగా. "సరిపోనాది" అంది మా అత్త. "ఇపుడు నిలువు. రెండచ్చరాలు. తలనొప్పొస్తే సొంటి అరగదీసి ఏసేది." పట్టేనే అని ముసలమ్మ అందుకుంది. "అడ్డం. ఈగలు కట్టే ఇల్లు." తేనెపట్టు అని ఎవరో అన్నారు. రెండే గళ్ళున్నాయి, పట్టవు కదా అని ఇంకెవరో తగువు పెట్టారు. "తేనె నాకీసినారు, మిగిలింది సెప్పండి" అంది మా అత్త. అంత భయంలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఇదేమిటి మూడింటికీ ఒకటే జవాబు, ఇలా ఏ పజిల్లోనూ ఉండదే అనుకుని ఆవిడ భుజం మీదుగా ఒళ్ళోకి తొంగి చూశాను.

కాగితంలో గళ్ళు లేవు. ఎక్కడివో రోడ్లకీ కాలవలకీ పిలిచిన టెండరు ప్రకటనలు, అంతే. మా అత్త కళ్ళు కాగితం మీదే ఉన్నాయి గాని, వాటిమీద కళ్ళజోడు లేదు, ఇంట్లోనే వదిలేసి వచ్చింది. గాలింకా తిరిగి రాలేదు. ఎక్కడా ఆకు కదలడం లేదు. అయినా ఆ కాగితం అంచు గజగజ వణుకుతోంది. అప్పుడు వేసింది నాకు భయం. పొద్దుటినుంచి పడ్డది భయమే కాదనిపించింది. తుపాను ఎంత పెద్దదో నాకు గాలివల్ల తెలియలేదు, ఆ చేతులవల్ల తెలిసింది. ఇంక దాక్కోడానికి నాకు కొంగు లేదు.

అంతలో గాలి రెండోవైపునుంచి విరుచుకుపడింది. కిటికీ రెక్క ఒకటి ఊడిపోయి వాన అడ్డంగా లోపలికి కొట్టింది. చంటిపిల్లల్ని కప్పుకుని అందరం నేలకి వంగిపోయాం. మా అత్త గొంతు పెంచింది. "నిలువు. రెండచ్చరాలు. ఏటనించొచ్చినోడు కూడు ముందు కూకుని ఒకటి పడతాడు, ఏటది?" ఒక పట్టు పట్టడమంటే మా మరిదే పట్టాలి. చేపల పులుసు ముందు కూర్చుంటే కుండ ఖాళీ. మా తోటికోడలు పెదాలు కదిలాయి. "పట్టు" అంది, అని గొల్లుమంది. ఇంకొకటి అడగబోయి మా అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. నోరలా తెరుచుకునే ఉంది.

నేనెందుకు చేశానో తెలియదు గాని, ఆ కాగితం లాక్కున్నాను. "ఇటియ్యత్తా, నీకు అక్షరాలు ఆనడం లేదు, నేను చదువుతాను" అన్నాను. టెండర్ల మీద వేలు పెట్టి, "అడ్డం, రెండక్షరాలు" అని మొదలుపెట్టాను. బుర్రలో ఏమీ లేదు, నీళ్ళు తప్ప. "నీళ్ళల్లో పడ్డవాడికి దొరకాల్సింది" అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను. మా అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ తలుచుకోలేను. అప్పుడు మా తోటికోడలు కళ్ళు తుడుచుకుని, నా వైపు చూడకుండా, మా అత్త చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "పట్టు" అంది. "దొరుకుతాదత్తా."

దొరికింది. తుపాను పోయిన మూడో నాడు మా మరిది ఎవరిదో లుంగీ కట్టుకుని నౌపడ స్టేషన్లో దిగి నడిచొచ్చాడు. పడవ ఒడిశా వైపు కొట్టుకుపోయి ఇసకమేట మీద ముక్కలైంది. పడవలోని వాళ్ళందరూ ఆ చెక్కలు వదలకుండా బయటపడ్డారు. మా అత్త ఏడవలేదు, కావలించుకోలేదు. "కూడు తిన్నావేట్రా?" అంది. ఆ టెండర్ల కాగితంలో మరుసటి సంతకి నెత్తళ్ళు కట్టి అమ్మేసింది. దాని గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఆ వణుకు మళ్ళీ చూడాల్సి వస్తుందని నా భయం. మా మరిది మరో నెల తిరక్కుండా ఇంకొకరి పడవెక్కి వేటకి పోయాడు. ఆ భయానికి ఒక్కసారి జవాబు దొరికితే చాలదని అప్పుడర్థమైంది.

ఇప్పుడు మా అత్త లేదు. మేము విజయనగరం వచ్చేశాం. నిన్న సాయంత్రం టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అంటుండగానే మా తోటికోడలి ఫోనొచ్చింది. మరిది వెళ్ళి రెండు రోజులైందట, ఫోను కలవడం లేదట. "అక్కా, రెండచ్చరాలది ఏదైనా అడుగు" అంది. నేను టీవీ గొంతు తగ్గించాను. అది మళ్ళీ అందుకుంది. "ఆరోజు కాయితంలో గల్లు నేవని నాకు తెలుసక్కా. నానెదురుగా కూకున్నాను, ఎలుతురికి అంతా అవుపడిపోనాది. మీరిద్దరూ బయపడిపోతన్నారని జవాబు సెప్పీసినాను."

ముగ్గురం ఒకరికొకరం తెలియకుండా ఒకే ఆట ఆడామన్నమాట. బల్ల మీది పేపరు దగ్గరికి లాక్కుని, "అడ్డం" అన్నాను. ఈసారి నిజంగానే గళ్ళున్నాయి. అడుగున అదే వాక్యం, అవే చిన్న అక్షరాలు. జవాబులు వచ్చేవారం అని అచ్చువేసేవాళ్ళకి, ఆ వచ్చేవారం మీద ఎంత నమ్మకమో.