బిగుసుకున్న బోల్టు

పెళ్లయిన కొత్తలో మా ఆయన బోరుబండి మీద పనిచేసేవాడు. నిడుగల్లు చుట్టుపక్కల రాయి ఎంత మొండిదో ఆయన చేతులకు తెలుసు. ఆ అనుభవంతోనే తరువాత ఉత్తరాదిన, కొండ కింద సొరంగం తవ్వే యంత్రం దగ్గర ఫిట్టరుగా కుదిరాడు. నేను మా ఊరు క్యాతగానచెర్లులోనే సోలార్ పార్కులో పలకల కింద గడ్డి కోసే పనికి పోయేదాన్ని.

యంత్రం ముందుభాగాన ఉక్కు చక్రాలుంటాయని, అవి రాతి మీద దొర్లుతూ దాన్ని పగలగొడతాయని సెలవుకు వచ్చినప్పుడు చెప్పాడు. అవి అరిగిపోతే మనుషులే యంత్రానికీ కొండకూ మధ్యనున్న సందులోకి దూరి మార్చాలట.

"మేం లోపలుంటే మిషను తిప్పరులే" అని నవ్వాడు.

మిషను సరే, కొండ మాటేమిటని అడగాలనుకున్నాను. అడక్కుండానే ఆయన సంచి సర్దాను.

ఒక పొద్దున గడ్డి కోస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో హిందీలో గబగబా మాట్లాడాడు. మా ఆయన పేరు, "పత్థర్" అన్న మాట తప్ప నాకేమీ అర్థం కాలేదు. పత్థర్ అంటే రాయని ఆయనే నేర్పాడు. అంతలో లైను తెగిపోయింది.

పలకల వరసల మధ్య పరుగెత్తాను. మా సూపర్‌వైజరుది పక్కనున్న వై.ఎన్.హొసకోట ఊరు. అతనికి హిందీ వచ్చు.

"అన్నా, ఈ నంబరుకు చెయ్యన్నా. ఆయనకేమో అయిండాది."

అతను ఫోనులో "హా, హా" అంటాడే గాని నాకేమీ చెప్పడు. చివరికి నా చేతికిచ్చాడు.

"నువ్వే మాట్లాడమ్మా. మీ ఆయనే ఉండాడు."

"ఏమ్మే, భయపడినావా?"

"నువ్వు యాడుండావు?"

"బయటనే ఉండా. ఒక చక్రం దొర్లకుండా ఇరుక్కోని ఒకపక్కే అరిగిపోయింది. మార్చేకి లోపలికి పోయినాం. బోల్టు బిగుసుకోని కదల్లేదు. పానాకు తొడిగేకి పొడుగు పైపు తెచ్చుకుందామని అందరం బయటికొచ్చినాం. అంతలోనే రాయి కూలి సందంతా నిండిపోయింది. నా ఫోను ఆడనే ఉండిపోయింది. నువ్వు చేస్తే ఎత్తలేదని హడలిపోతావని నాతోటి పనోని ఫోన్లో వానితోనే చేయించినా."

"ఆ మాట నువ్వే చెప్పొచ్చు కదా!"

"అందరం బయటుండామా లేదా అని లెక్కపెడుతుంటినమ్మే."

నేను ఏడవలేదు. పలక నీడలో కూలబడి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టేకొద్దీ గుండె తేలికైంది. అవతల ఆయన నవ్వుతున్నాడు. సూపర్‌వైజరు అటు తిరిగి నిలబడ్డాడు.

సెలవు దొరికి ఇంటికొచ్చిన రోజు, గడప దాటనీయకుండా నిలబెట్టి చేతులూ వీపూ తడిమి చూశాను. ఎక్కడా చిన్న గీరు కూడా లేదు.

"చూసినావు కదా, ఇంక అన్నం పెట్టు" అన్నాడు.

రాగిసంగటిలో చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి వేసుకుని కడుపునిండా తిన్నాడు. ఆయన పక్కనే కూర్చుని నేనూ తిన్నాను.