సక్కుబాయి ఇచ్చిన తెల్లగుడ్డ

సకల జనుల సమ్మె రోజుల్లో మా పుప్పాలగూడలో ఎవరిని కదిపినా ఉపన్యాసమే. అందరికీ అన్నీ తెలుసు, ఒక్క సక్కుబాయికి తప్ప.

ఆమె ఈ ఊరి మనిషే. పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాక, అనంతపురం నుంచి వచ్చిన నారాయణప్ప పెట్టిన బట్టల ప్రింటింగ్ షెడ్డులో పనికి కుదిరింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను అక్కడి మిషను బట్ట మీద రంగులుగా చిమ్ముతుంది. ఉత్త బట్ట మీద చిమ్మితే రంగు పాకిపోతుంది. అందుకని ముందే సముద్రపు నాచు జిగురు, సోడా, యూరియా కలిపిన గంజి పట్టించి ఆరబెట్టాలి. అదే సక్కుబాయి పని. చేలో చల్లే యూరియా చీరకెందుకో ఆమెకు మొదటిరోజూ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. పైగా ఒక తంటా. ఆరాక గంజి పట్టిన తానూ పట్టని తానూ చూపుకు ఒకేలా ఉంటాయి. తడివేలితో రుద్దితే జారేదే గంజి తాను.

ఓ రోజు ఆమె మరిది లింగమూర్తి ఊరేగింపులోంచి పరుగున వచ్చాడు.

"వదినె, బ్యానర్‌కు తెల్లగుడ్డ ఉంటే ఇయ్యి, జల్ది!"

"ఇయ్యక్కా, పాపం" అన్నాడు నారాయణప్ప.

బయట డప్పులు మోగుతున్నాయి. సక్కుబాయికి ఒళ్లు పులకరించింది. ఆ సంబరంలో వేలు తడపడం మరిచి, చేతికందిన తానులోంచి చింపి ఇచ్చేసింది.

సాయంత్రం వాన కురిసింది. బ్యానర్ మీది గంజి కరిగి, "జై తెలంగాణ" అక్షరాలు దాంతోపాటే కారిపోయాయి.

మర్నాడు షెడ్డు ముందు గుంపు చేరింది.

"గుడ్డకు ఏం మందు పెట్టినవ్ సారూ? కావాల్నని చేసినవా?" అని లింగమూర్తి నిలదీశాడు.

నారాయణప్ప మొహం పాలిపోయింది. "తప్పు నాదే నాయనా" అన్నాడు. భయం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది.

సక్కుబాయికి ఒళ్లు మండింది. "ఆయనదేంది? చూస్కోకుండ చింపిచ్చింది నేను. లొల్లి పెట్టుకుంటే నాతోని పెట్టుకో!"

లింగమూర్తి ఏనాడూ వదినకు ఎదురు చెప్పి ఎరగడు. గొణుక్కుంటూ వెనుదిరిగాడు. అతని వెంటే గుంపూ కదిలింది.

గండం గడిచిందనుకుంది సక్కుబాయి. నారాయణప్ప మాత్రం మిషను ఆపేసి దాని వైర్లు పీకడం మొదలుపెట్టాడు.

"అనంతపురం పోతా అక్కా. ఈ పొద్దు నువ్వుండావు, అడ్డమొస్తివి. రేపెవరొస్తారు?"

ఊరేగింపుల్లో తెలంగాణ కావాలని గొంతు పోయేలా అరిచింది సక్కుబాయే. ఇప్పుడు ఈయన వెళ్లిపోతే తన పనీ పోతుంది. పని సంగతి అటుంచినా, ఈ మనిషి ఇలా భయపడి పోవడం ఆమెకు అస్సలు నచ్చలేదు.

"తెలంగాణ రావాలె సారూ" అంది. "మీరు పోవద్దు."

"రెండూ ఎట్లయితాయక్కా?"

"నాకేమెర్క? నాకు రెండూ కావాలె!" అని కసురుతూనే ఏడ్చేసింది.