రోడ్డు వైపు గది

మొన్న ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో సరుకులకు వెళ్తే కొట్లో ఎవరో సాంబ్రాణి వెలిగించారు. ఆ వాసనకు అందరికీ అమ్మమ్మలు గుర్తొస్తారట. నాకు మాత్రం మోరీన్ ఆంటీ గుర్తొచ్చింది. మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఐరిష్ వంశపు ముసలావిడ. పెద్దావిడను పేరు పెట్టి పిలవలేక నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడకు అది భలే నచ్చింది. పూర్వీకుల కాగితాలు చదవడానికి కూర్చునే ముందు, ఐర్లండ్ నుంచి తెప్పించుకున్న, అక్కడ కట్టెలకు బదులు పొయ్యిలో కాల్చే ఎండు బురదమట్టి గడ్డ ఒకటి ఇనప మూకుడులో వెలిగించేది. ఇల్లంతా పొగ. "వాళ్లను పిలిచి కూర్చోబెట్టకుండా వాళ్ల సంగతులు చదవడం మర్యాద కాదు హనీ," అనేది. ఆ పొగలో నా వీపు వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆవిడ చూపు మందగించింది కాబట్టి పూర్వీకుల వీలునామాలు వెతకడానికి కంప్యూటర్ ముందు నేనే కూర్చునేదాన్ని. వీలునామా అంటే ఆస్తి పంపకమనే నాకు తెలుసు. ఆవిడ పద్ధతి వేరు. ఎవరికి ఏమిచ్చారన్నది తరవాత, ముందు ప్రతి పేరూ పైకి చదవాలి, సంతకం రాక గుర్తు పెట్టిన సాక్షుల పేర్లతో సహా. ఒక్కో పేరు దగ్గరా కాసేపు ఆగాలి. ఎందుకని అడిగితే, "వాళ్లు పలకడానికి టైమివ్వాలిగా," అంది నవ్వకుండా. మా ఆయన కిరణ్ ఆటపట్టించేవాడు. "ఆవిడ దెయ్యాలకి అటెండెన్స్ తీసుకుంటోంది, నువ్వు హెల్ప్ చేస్తున్నావ్. శనివారమంతా అక్కడే ఉంటే గ్రోసరీస్ ఎవరు పికప్ చేస్తారే?"

ఆవిడకు అది కాలక్షేపం కాదు. ఆవిడ ముత్తవ్వ నోరా తండ్రితో పోట్లాడి, చెప్పాపెట్టకుండా అమెరికా ఓడెక్కిందట. తండ్రి ఆమెనూ ఆమె సంతానాన్నీ శపించాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవారు. ఎవరి కాపురం చెడినా, ఎవరి బిడ్డ దక్కకపోయినా ఆ శాపమే. ఆంటీకి పుట్టిన ఒక్కగానొక్క కూతురూ దక్కలేదు. ఇప్పుడు గుండె జబ్బు ముదిరింది. పోయేలోగా ఆవిడకు ఒక్కటే తెలియాలి: ఆ పెద్దాయన కోపంతోనే కన్నుమూశాడా?

పాత వీలునామాలు చాలావరకు డబ్లిన్‌లో రికార్డుల భవనంతో పాటే కాలిపోయాయి. జిల్లాల్లో రాసిపెట్టిన కొన్ని నకళ్లు, ఏటేటా అచ్చువేసిన సూచికలు మిగిలాయి. తండ్రి పోయిన ఏడాది సమాధి రాయి మీద ఉంది. ఆ ఏడాది సూచిక చూశాను, మరుసటి ఏడాదిదీ చూశాను. "రాయలేదేమో ఆంటీ," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పోయిన ఏడాది కాదు, కోర్టు ఆమోదించిన ఏడాది పట్టుకోవాలి. ముందుకు వెళ్తూనే ఉండు. మావాళ్లు చచ్చినవాళ్లను అంత త్వరగా వదిలిపెట్టరు." ఆయన పోయి ఒక తరం దాటాక వచ్చిన సూచికలో దొరికింది. అన్నాళ్లూ ఆ ఇల్లూ పొలమూ చనిపోయిన మనిషి పేరు మీదే ఉన్నాయి, ఇంటికి యజమాని ఆయనే. పేర్లన్నీ చదివి, ఆగి, ఆ వాక్యం దగ్గరికి వచ్చాను: "రోడ్డు వైపు గది నా కూతురు నోరాకు. ఆమె గానీ ఆమె సంతానం గానీ వచ్చేదాకా ఆ గదికి గడియ వేయరాదు."

ఆంటీ చాలాసేపు ఏడ్చింది. తరవాత ఐర్లండ్‌లోని ఆ ఇంటికి నాచేత ఫోన్ చేయించింది. అక్కడిప్పుడు మైకేల్ అనే దూరపు బంధువు ఉంటున్నాడు, ఆయనా పెద్దవాడే. వీలునామా సంగతి ఎన్నడూ విననే లేదట. నేను చదివి వినిపించాను. "ఆ గదికా?" అన్నాడు. "మేమెవరమూ గడియ వెయ్యం. మా నాన్న వెయ్యనిచ్చేవాడు కాదు. ఎందుకో ఆయనకీ తెలీదు."

"శపించలేదు హనీ," అంది ఆంటీ నా చెయ్యి పట్టుకుని. "ఎదురుచూశాడు."

ఆ వసంతంలో ఆవిడ నిద్రలోనే కన్నుమూసింది. కబురు చెబుదామని మైకేల్‌కు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే "మోరీన్ సంగతేనా?" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను.

"పొద్దున లేచి చూస్తే ఆ గదికి లోపలినుంచి గడియ వేసి ఉంది. లోపల ఎవరూ ఉండరు. పగలగొట్టి చూడమంటావా?"

"వద్దు," అన్నాను. "పడుకోనివ్వండి."

వానకి తలుపు వుడ్ స్వెల్ అయి బిగుసుకుపోయుంటుంది, అంతే అంటాడు కిరణ్. అయ్యుండొచ్చు. అయినా మా వీధిలో ఎవరైనా ఆంటీ ఏమయ్యారని అడిగితే, పోయిందని చెప్పను. ఇంటికి వెళ్లిందంటాను.