తనంతట తాను తిరిగిన మోటారు

మా అమ్మకు అక్క, అంటే నాకు పెద్దమ్మ, ఇరవై రెండేళ్ళు ఒక మోటార్ల ఫ్యాక్టరీలో రాగి తీగ చుట్టే పని చేసింది. అది మూతపడ్డాక ఇంటి ముందుగదిలో ఒక బల్ల వేసుకుని, కాలిపోయిన మోటార్లు బాగుచేయడం మొదలుపెట్టింది. ఎన్ని చుట్లు తిప్పినా లెక్క తప్పని మనిషని వీధిలో అందరూ ఆమెను చుట్లమ్మ అనేవారు. కొత్తవాళ్ళకు అది చుట్టలమ్మ అని వినిపించేది. ఒకాయన నిజంగానే గుమ్మంలో నిలబడి, "రెండు ఘాటైనవి ఇవ్వమ్మా" అని అడిగాడు. ఆ సంగతి చెప్పీ చెప్పీ మా పెదనాన్న అరగదీశాడు.

ఆమె దగ్గరకు వచ్చేవన్నీ పాత మోటార్లే. ఇంటి వెనక రేకుల షెడ్డులో సరదాకు చెక్కపనో ఇనుపపనో చేసుకునేవాళ్ళు తెచ్చేవారు. తాతల నాటి సానరాయి మిషన్‌ది ఒకటి, చేతులు మారి వచ్చిన, ఇనుము తరిమే లేతుది ఇంకొకటి. "కొత్తది కొనుక్కోవచ్చుగా వీళ్ళు?" అని నేనంటే, "ఈ ఇనప ఒళ్ళు చూడవే. అరవై ఏళ్ళకి కూడా పగులు లేదు. లోపల తీగ చచ్చింది, అంతే" అనేది.

మోటారు విప్పగానే ముందు వాసన చూసేది. మాడిన వార్నీషు కంపు కొడితే తీగంతా తీసెయ్యాల్సిందే. ఉలితో ఒకవైపు కోసి రెండోవైపు నుంచి లాగేది. లాగిన తీగను పారేయకుండా ఒక్కో చుట్టూ లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేది. ఎవరి మోటారు, ఏ మిషన్‌ది, లోపల ఏమేం మార్చింది, అన్నీ అందులో ఉండేవి. కొత్త తీగ కూర్చి, దారంతో కట్టి, వార్నీషులో ముంచి, బల్బులు వెలిగే రేకు డబ్బాలో రెండు రోజులు ఆరబెట్టేది. చివర్లో స్క్రూడ్రైవరు కొన మోటారు మీద, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని బేరింగు చప్పుడు వినేది. ఆ సమయంలో పలకరిస్తే కసిరేది.

ఒకరోజు రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన తన రంపం మిషన్ మోటారు తెచ్చారు. బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి వచ్చే మిషన్ అది. దాని మీద చెక్క కోసి ఆయన చిన్నపిల్లల బడికి కుర్చీలు చేసి ఇచ్చేవారు. ఆ మోటారు పక్కన ఒక ఎర్ర బటన్ ఉంది. మోటారు మరీ వేడెక్కితే లోపలి చిన్న బిళ్ల కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మనిషి ఆ బటన్ నొక్కితే గానీ మళ్ళీ తిరగదు. ఆ బిళ్ల కాలిపోయింది. అలాంటిది బజారంతా తిరిగినా దొరకలేదు. దొరికింది ఇంకో రకం. అది వేడికి ఆగుతుంది, చల్లారితే ఎవరూ నొక్కకుండానే కలుస్తుంది. ఫ్యాన్లకీ పంపులకీ వేసే రకం అది. పెద్దమ్మ అదే వేసింది. అంతకుముందు చాలా మోటార్లకు వేసింది కూడా.

అప్పగించేటప్పుడు మాస్టారు అడిగారు. "ఈ బటన్ ఏం చెయ్యాలమ్మా ఇప్పుడు?"

"ఏం చెయ్యక్కర్లేదు మాస్టారూ. మోటారుకు బొట్టు పెట్టామనుకోండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట తర్వాత చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. నవ్వులో పడి అది నోటిదాకా రాలేదు.

ఐదు వారాల తర్వాత పెదనాన్న క్షవరం చేయించుకుని వస్తూనే గుమ్మంలోంచి చెప్పాడు. "మాస్టారికి ఎడం చేతి వేళ్ళు రెండు తెగాయట. ఈ వయసులో ఆయనకెందుకు చెప్పు రంపాలతో చెలగాటం!"

పెద్దమ్మ తీగ చుడుతూనే, "మిషన్ తిరుగుతుండగా చెయ్యి పెట్టారా?" అంది.

"అదే విచిత్రం. పచ్చి చెక్క ఇరుక్కుని మిషన్ ఆగిపోయిందట. కరెంటు పోయిందనుకున్నారు. కాసేపాగి చెక్క లాగబోతే దానంతట అదే గిర్రున తిరిగిందట. దయ్యం పట్టిన మిషన్ అంటున్నారంతా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. తీగ ఉండ ఒళ్ళోంచి జారి నేల మీద దొర్లింది. నేను తీసి ఇవ్వబోతే అందుకోలేదు.

"దయ్యం కాదు. నేను వేసిన బిళ్ల" అంది.

పెదనాన్నకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. "స్విచ్ ఆపకుండా చెయ్యి పెట్టింది ఆయన. నిన్ను ఎవరన్నా అడిగారా? అడగనిదానికి నువ్వెందుకు నెత్తినేసుకోవడం? గమ్మున ఉండు."

"ఎవరికీ తెలీదు కాబట్టే వెళ్ళాలి. రేపు వాళ్ళింట్లో ఇంకెవరన్నా ఆ మిషన్ ముట్టుకుంటే?"

అందే గానీ మూడు రోజులు వెళ్ళలేకపోయింది. రెండుసార్లు వాళ్ళ వీధి మొదటిదాకా పోయి వెనక్కి వచ్చింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. నాలుగో రోజు నన్ను తోడు రమ్మంది.

మాస్టారి కూతురు తలుపు తీసింది. ఆయన మంచం మీద, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. పెద్దమ్మ కూర్చోకుండానే జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అంటే అది తనంతట తనే తిరుగుతుందని మీకు ముందే తెలుసా?" అంది కూతురు.

"తెలుసమ్మా."

"తెలిసీ చెప్పలేదు."

"చెప్పలేదు."

కూతురు మంచం వైపు చూపించింది. "నాలుగు రోజులుగా నేను ఆయన్ని తిడుతున్నానండీ. బుర్ర పనిచెయ్యడం లేదా, ఆగిన మిషన్లో చెయ్యెందుకు పెట్టావని. ఒక్క మాట ఎదురు చెప్పలేదాయన. నొప్పితో పడుకున్న మనిషిని తిట్టించారు మీరు నా చేత. వెళ్ళండి."

మాస్టారు కళ్ళు తెరవలేదు. నిద్రపోవడం లేదని మాకు తెలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి పెద్దమ్మ నోటుపుస్తకాలన్నీ ముందేసుకుంది. ఆ రకం బిళ్ల పంతొమ్మిది మోటార్లకు వేసింది. ఫ్యాన్లూ పంపులూ తీసేస్తే, మాస్టారిది కాక, మనిషి చెయ్యి దగ్గరకు వెళ్ళే మిషన్లు ఆరు. తుక్కు దుకాణాలు గాలించి, పనికిరాని మోటార్లలోంచి బటన్ ఉన్న బిళ్లలు ఏరుకొచ్చింది. ఒక్కోదాన్నీ వేడిచేసి, ఆగుతోందా, నొక్కకుండా కలుస్తోందా అని పదేసిసార్లు చూసింది. తర్వాత పెదనాన్నను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నోరు మెదపొద్దన్న మనిషే సంచీ మోశాడు.

ఒకాయన, "మా మిషన్ బంగారంలా ఉంది, నువ్వు పాడు చెయ్యకు" అని గేటు తీయలేదు. మూడుసార్లు వెళితే తీశాడు. ఒకావిడ, "ఇప్పుడీ వంకతో మళ్ళీ ఎంత గుంజుతావ్?" అంది. పెద్దమ్మ నేల మీద కూర్చుని మోటారు విప్పింది. అలా ఐదు అయ్యాయి. ఆరోది ఒక ఆకుపచ్చ డ్రిల్లు. దాని యజమాని ఇల్లు మారుతూ దారిన పోయే ఎవరికో అమ్మేశాడు. ఎవరో ఆయనకీ తెలీదు. తుక్కు దుకాణాల్లో చెప్పి పెట్టింది, కాగితాలు రాసి గోడలకు అంటించింది. అది ఇప్పటికీ దొరకలేదు.

రెండు నెలలయ్యాక మాస్టారి కూతురు గోనెసంచిలో మోటారు పెట్టుకుని వచ్చింది. "మిషన్ తీసేద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. పాతదానిలా, నొక్కితేనే తిరిగేలా చెయ్యండి. మీరే చెయ్యాలని నాన్న అన్నారు. నేను మర్చిపోయానని మాత్రం అనుకోకండి" అంది.

మోటారు సిద్ధమయ్యాక వాళ్ళ షెడ్డుకు వెళ్ళి పెద్దమ్మే బిగించింది. నేనూ వెళ్ళాను. తర్వాత కావాలని ఒక పచ్చి దుంగను కర్రతో రంపంలోకి తోసింది. రంపం మూలిగి ఆగింది. కొంతసేపటికి లోపల బిళ్ల టక్కుమంది. స్విచ్ వేసే ఉంచి, నలుగురం దూరంగా నిలబడ్డాం. పది నిమిషాలైంది. పావుగంటైంది. కూతురు తండ్రి చొక్కా వెనక గుప్పిట పట్టుకుని ఉంది. రంపం కదల్లేదు. అరగంట తర్వాత పెద్దమ్మ కర్రతోనే దుంగను పక్కకు నెట్టి బటన్ నొక్కింది. రంపం తిరిగింది.

"ఆరోజు నువ్వు చెప్పకపోవడం నిజమే. నేను అడగకపోవడమూ నిజమే" అన్నారు మాస్టారు.

"మీరు అడిగారు మాస్టారూ. నేనే నవ్వులాట చేశాను" అంది పెద్దమ్మ.

మాస్టారు ఒక చెక్క పలక తీసుకుని, మిగిలిన మూడు వేళ్ళతో బల్లకు అదిమి పట్టాలని చూశారు. అది పక్కకు జరిగిపోయింది. మళ్ళీ పట్టారు. కూతురు వచ్చి రెండో కొస పట్టుకుంది.

దారిలో నేను, "పోనీలే పెద్దమ్మా, ఆ ఇంట్లో ఇక భయం లేదుగా" అన్నాను.

"పలక జారింది చూశావా?" అంది.