కప్పలు అరవని వానాకాలం

నేను పుట్టి పెరిగిన ఊరు పటాన్‌చెరుకు దగ్గర్లో, ఫ్యాక్టరీల వెనకవైపు ఉంటుంది. మా పొలం గట్టు పక్కనుంచి ఒక వాగు పారేది. చిన్నప్పుడు బడికి పోతూ, ఈ రోజు వాగు ఏ రంగులో ఉంటుందా అని మేం పిల్లలం పందెం కట్టుకునేవాళ్ళం. ఒక రోజు టీ డికాక్షన్‌లా ఉండేది, ఒక రోజు పసుపు కలిపినట్టు, ఇంకో రోజు లేత గులాబీ. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు రేగుపళ్ళు ఇవ్వాలి. వాగులన్నీ అలాగే ఉంటాయనుకున్నాను. వేరే వాగును నేను చూసి ఉంటే గదా.

అన్న పదో తరగతి తప్పి, వాగుకు ఎగువనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాడు. నేను చదువులో కొంచెం ముందుండేదాన్ని. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయ్యాక, తొంభైల చివర్లో, నీటి శుద్ధి గురించి చదవడానికి జర్మనీలో స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆడపిల్లను అంత దూరం పంపుతావా అని చుట్టాలు బాపును అడిగారు. ఆయన నాతో మాత్రం, "పో బిడ్డా. లోకం ఎట్లున్నదో సూసిరా" అన్నాడు.

లోకమంటే నాకు అప్పుడు మంచు, ట్రాములు, రోడ్డు దాటుతుంటే ఆగే కార్లు. మొదటి నెలల్లో అవే చూసి మురిసిపోయాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం హాస్టల్ వెనకున్న చిన్న కుంటలో కప్పలు అరవడం మొదలుపెట్టాయి. నాతో గదిలో ఉండే కెన్యా అమ్మాయి విసుక్కుంటూ కిటికీ మూసింది. "మీ ఊళ్ళో కూడా ఇంత గోలేనా?" అని అడిగింది. ఇంతకంటే ఎక్కువ అని చెప్పబోయి ఆగిపోయాను. మా ఊళ్ళో కప్పల అరుపు చివరిసారి ఎప్పుడు విన్నాను? చిన్న బడి రోజుల్లో, వాన వెలిసిందంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కాలేజీకి పోయే రోజుల్లో? ఎంత తలుచుకున్నా రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. ఎప్పుడో అవి ఆగిపోయాయి. ఆగిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రం నేను కిటికీ మళ్ళీ తెరిచి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఎండలు ముదిరాక మా ప్రొఫెసరు మమ్మల్ని ఒక నది దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు దాని ఒడ్డున రంగుల ఫ్యాక్టరీలు ఉండేవట. ఇప్పుడు నీళ్ళు తేటగా ఉన్నాయి, బాతులు ఈదుతున్నాయి. అక్కడ ఇల్లున్న ఒక ముసలావిడ మాకు కాఫీ ఇచ్చి తన చిన్నతనం గురించి చెప్పింది. ప్రొఫెసరు మాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు.

"నది రోజుకో రంగులో పారేదట. ఈ రోజు ఏ రంగో అని పిల్లలు పందేలు కాసేవాళ్ళట."

అందరూ నవ్వారు. నేను కప్పు కింద పెట్టేశాను. భాష వేరు, రంగు వేరు, దేశం వేరు, పందెం మాత్రం ఒకటే. నాతో పందెం కట్టిన పిల్లల ముఖాలు ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చాయి.

"ఆ పిల్లలంతా ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాను.

ప్రొఫెసరు ఆ మాట ఆవిడను అడిగాడు. ఆవిడ నా వైపు చూసి, "నేనొక్కదాన్నే ఉన్నాను" అంది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. లేచి కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూలైలో సెలవులకు ఇంటికి వచ్చాను. పటాన్‌చెరులో బస్సు దిగగానే ఒక వాసన గొంతులో పడింది. కుళ్ళిన ఆకుకూరకు ఏదో తీపి అంటుకున్నట్టు ఉంది. ఆటోలో చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం వాసన ఇది?" అన్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "కొత్తగొచ్చిన్రా మేడమ్?" అని అడిగాడు. పుట్టినప్పటి నుంచి నేను పీల్చింది ఆ గాలినే.

ఇంటికి చేరాక బాపును కప్పల గురించి అడిగాను.

"కప్పలా? ఉండేటియి బిడ్డా. ఎప్పుడు పోయినయో ఎవరు సూసిన్రు?" అన్నాడు.

వదినకు అప్పుడు అయిదో నెల. మా బావి నీళ్ళతో పప్పు ఉడకడం లేదని, తాగితే నాలుక మీద ఏదో మిగిలిపోతోందని చెప్పింది. పొద్దుగూకే వేళ బాపుతో కలిసి పొలానికి పోయాను. వాగు ఒడ్డున లైట్లు ఆర్పేసి ఒక ట్యాంకరు ఆగి ఉంది. దాని వెనక నుంచి లావుపాటి పైపు నీళ్ళలోకి దిగి ఫ్యాక్టరీ మురుగును వదులుతోంది. పక్కన నిలబడి బీడీ తాగుతున్న మనిషి బాపును గుర్తుపట్టాడు.

"ఏం పటేలా, బాగున్నవా? నీ కొడుకు మా కంపెనీలనే గద! మంచోడు. పని పోగొట్టుకునేటోడు గాదు."

నవ్వుతూనే అన్నాడు. బాపు నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు.

వదిన ఆ బావి నీళ్ళు తాగొద్దని ఆ పూట అన్నం దగ్గర నేను అన్నాను. అన్న పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఆ నీళ్ళే తాగి నువ్వు ఇమానం ఎక్కలేదా? జర్మనీ వొయి కప్పల సదువు సదివొచ్చినవా?"

నేను ముసలావిడ సంగతి చెప్పాను. పందెం సంగతి, "నేనొక్కదాన్నే ఉన్నాను" అన్న మాట, అన్నీ. అన్న వింటూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "లోపల పనిజేసేటోన్ని. నాకు తెల్వదా చెల్లె? తెల్సి ఏం జెయ్యాలె, చెప్పు" అన్నాడు.

చదివిన పుస్తకాల్లో నీటి గురించి చాలా ఉంది గానీ, ఆ ట్యాంకరు పక్కన నిలబడిన మనిషి గురించి ఏమీ లేదు.

తెల్లారాక ఎవరికీ చెప్పకుండా అన్న సెలవు పెట్టి, వదినను ఈ వాగు నీళ్ళు చేరని హత్నూర దిక్కు వాళ్ళ తల్లిగారింట్లో దింపి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళు అడిగితే కాన్పుకు పంపినమన్నాడు. అయిదో నెలలోనే కాన్పుకు పంపుతారా అని ఎవరూ అనలేదు. అందరూ కారణం తెలిసినట్టే తలూపారు. ఆ తలూపడం చూసి నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

నేను తిరిగి వెళ్ళిపోయాను. వదినకు ఆడపిల్ల పుట్టిందని, బాగానే ఉందని బాపు ఫోన్‌లో చెప్పాడు. ఆ తర్వాతి వానాకాలం వాగు పొంగి పొలాల మీద పడింది. ఆ నీళ్ళు తాగిన బర్రెలు సాయంత్రానికల్లా కాళ్ళు చాపి పడిపోయాయి. అప్పుడు ఊరంతా వెళ్ళి రోడ్డు మీద కూర్చుంది. కొన్నాళ్ళకు తాగడానికి పైపు నీళ్ళు వచ్చాయి, మా బావి మీద బండలు పరిచారు. దాంతో అందరూ ఇళ్ళకు పోయారు. వాగు దగ్గరికి ట్యాంకర్లు రావడం మాత్రం ఆగలేదు.

చదువు పూర్తయ్యాక నేను వచ్చి సంగారెడ్డిలో లెక్చరరుగా చేరాను. అన్న ఆ ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు, వదినా పాపా హత్నూర దిక్కే ఉండిపోయారు. వారానికొక సెలవు రోజున అన్న బస్సులో అక్కడికి పోయేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. పాప వాకిట్లోంచి పరుగెత్తుకొస్తుంటే, "ఆగు బిడ్డా, ఆగు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఒంటికి పట్టిన ఫ్యాక్టరీ వాసన పోయేలా స్నానం చేసి, అక్కడే దాచుకున్న వేరే బట్టలు కట్టుకుని, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకున్నాడు.