పియానో చక్రాల కింద నిమ్మకాయలు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కాదు. చేతిలో స్మార్ట్‌ఫోనూ మెడలో ఐడీ కార్డూ ఉంటే లోకమంతా నా మాట వింటుందని నమ్మిన రోజులు. జంషెడ్‌పూర్‌లో ఒక సంగీతం హాల్లో కొత్తగా ఉద్యోగానికి చేరాను. అక్కడి పియానో టీచరమ్మ ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ సాయంత్రమే ఆవిడ ఆఖరి కచేరీ. గోడవారగా ఉన్న గ్రాండ్ పియానోని స్టేజీ ఎక్కించడం నా పని. పియానో కాలు విరిగిందా, కచేరీ లేదు, ఆవిడకి ఈ ఊళ్ళో మరో సాయంత్రమూ లేదు.

పియానో మోయడానికి ఇనుప బండి ఒకటి కొత్తగా తెప్పించారు. మూడు కాళ్ళకీ మూడు గిన్నెలు, ఒక్కో గిన్నె కింద బ్రేకున్న చక్రాలు. ఫ్యాక్టరీల్లో మిషన్లు జరిపే పనిలో ఉన్న మా మామయ్యని (అమ్మ తమ్ముడు, భాలుబాసాలో ఉంటాడు) బతిమాలి పిలిచాను. ఆయనా, ఆయన మనుషులూ జాకీలు పెట్టి, పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు పియానోని బండి మీద కూర్చోబెట్టారు. జాకీలు వెంటనే గోవింద్‌పూర్‌లో వేరే పనికి వెళ్ళిపోయాయి. ఇక తోయడమే అనుకుంటుండగా మామయ్య ఆపాడు.

"ఏటే అమ్మీ, కొత్త బండి కదేటి! నిమ్మకాయలెట్టకుండా తోసేత్తావా?"

"మామా, యే గాడీ థోడీ హై! ఇదేమైనా కారా, స్కూటరా?" అన్నాను.

"సక్రాలున్నాయా నేదా?"

చక్రాలైతే ఉన్నాయి. (నా స్కూటీకీ అలాగే తొక్కించాం మరి.) నేనే పరిగెత్తుకెళ్ళి నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాను. మామయ్య దండం పెట్టుకుని, "తొయ్యండ్రా!" అన్నాడు. అన్నీ మర్యాదగా నలిగాయి, ఒక్కటి తప్ప. దాని తొక్క చక్రం సందులో దూరి కూర్చుంది. బండి హాలు మధ్య దాకా వెళ్ళి, స్టేజీకి వీపు తిప్పి, మొరాయించింది.

"ఆగండెహె! ఇంక తోత్తే కాలిరిగిపోద్ది," అని మామయ్య బ్రేకులన్నీ బిగించేశాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతలో టీచరమ్మ వచ్చింది. హాలంతా నిమ్మకాయ వాసన. జరిగింది చెప్పాను. ఆవిడ పియానోని భుజంతో ఒకసారి నెట్టి చూసింది. అది కదలలేదు.

"రహనే దో బేటీ, ఉండనీ. ఇక్కడే వాయిస్తాను," అంది.

కుర్చీలన్నీ పియానో చుట్టూ వేశాం. అన్నేళ్ళుగా స్టేజీ కింద నుంచి ఆవిడ ముఖం మాత్రమే చూసినవాళ్ళు ఆ సాయంత్రం ఆవిడ వేళ్ళు చూశారు. మామయ్య నా చెవిలో, "సూసినావేటే? పసిబిడ్డకి నలుగెట్టినట్టుంది," అన్నాడు. వాయించడం అయ్యాక టీచరమ్మ వెంటనే కుర్చీలోంచి లేవలేదు, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ హాలు బాధ్యత నాదే. పియానో ఇంకా హాలు మధ్యే ఉందేమని, స్టేజీ మీద లేదేమని కొత్తవాళ్ళు అడుగుతారు. "భద్రత దృష్ట్యా," అని గంభీరంగా చెబుతాను. నమ్మేస్తారు పాపం. నేను మాత్రం లైట్లు తగ్గగానే వెళ్ళి, చేతులు కనబడే వైపు కూర్చుంటాను.